హైదరాబాద్‌లో ఇంట్లో రీఫ్ ట్యాంకు మొదలుపెట్టడం ఎలా?

రీఫ్ ట్యాంకంటే పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి తొట్టి. ముందు చూసుకోవాల్సినవి రెండు: నీళ్లు, ఎండాకాలం. చేపల సంగతి నెలన్నర తర్వాత.

ట్యాంకు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండాలి. రాళ్లు, ఇసుక పోను దాదాపు 150 లీటర్లు పడతాయి. చిన్నదైతే సులువనుకుంటారు గానీ, నీళ్లు తక్కువైతే ఉప్పూ వేడీ గంటల్లో మారిపోతాయి. స్టాండుతో బరువు 250 కిలోలు దాటుతుంది కాబట్టి గోడ వారగా, ఎండ పడని చోట పెట్టండి.

బోరు నీళ్లు గానీ నల్లా నీళ్లు గానీ నేరుగా పనికిరావు. వంటింట్లో ఆర్వో ఉందిగా అంటారా? రుచి కోసం దాని టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కంట్రోలర్ కొంత పచ్చినీరు మళ్లీ కలుపుతుంది. మీటరు పెడితే 60, 80 చూపిస్తుంది. మనకు కావాల్సింది సున్నా. అందుకని విడిగా ఆర్వో పెట్టి, చివర, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం తగిలించండి.

మెరైన్ సాల్ట్ 20 లీటర్ల బకెట్‌కు 700 గ్రాములు పడుతుంది. వంట ఉప్పుతో కుదరదు. నీళ్లలో ఉప్పు పోయాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం విడిపోయి అడుగున సున్నంలా పేరుకుంటుంది. చిన్న పంపుతో రాత్రంతా తిప్పి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరులో సాపేక్ష సాంద్రత 1.025 వచ్చాకే వాడండి.

రాళ్లు జీవాలేవీ లేని ఎండువి, అంటే డ్రై రాక్‌వే తీసుకోండి, 15 కిలోలు చాలు. రీఫ్ కట్టే గట్టి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అండమాన్ నుంచి తెచ్చామని ఎవరైనా పగడం అమ్మజూపితే ముట్టుకోకండి, కొన్నవాళ్లూ ఇరుక్కుంటారు.

ఇక సైక్లింగ్, అంటే చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను మార్చేసే బ్యాక్టీరియాను ట్యాంకులో పెంచడం. బ్యాక్టీరియా సీసా పోసి, అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వచ్చేలా వేయండి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వేసిన అమ్మోనియా, దాన్నుంచి పుట్టిన నైట్రైట్ 24 గంటల్లో సున్నాకు దిగితే ట్యాంకు సిద్ధం. మధ్యలో ఇసుక మీద గోధుమరంగు పొర కడుతుంది. కంగారొద్దు, దానంతటదే పోతుంది.

నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గరుండాలి. ఏప్రిల్, మే నెలల్లో నీటి మీదికి ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, అంతే. వానాకాలం గాలిలో తేమ ఉంటే అదీ తగ్గదు. నీళ్లను చల్లబరిచే యంత్రం చిల్లర్‌కు డబ్బులు ముందే పక్కన పెట్టుకోండి. దాన్ని స్టాండు కింద అలమరలో మూసి పెట్టకండి, వదిలిన వేడిని తనే పీల్చుకుంటుంది. ఆవిరైపోయేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గినంత మేర ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి. కరెంటు పోతే నీళ్లు తిప్పే వేవ్‌మేకర్ ఒక్కటైనా ఇన్వర్టర్ మీద నడవాలి, లేకపోతే ఆక్సిజన్ పడిపోతుంది.

మొదటి చేపలుగా హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ జంట చాలు. సన్నటి గొట్టంతో గంటసేపు చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లు కలిపి, ఆ తర్వాత వదలండి. వారానికి 15 లీటర్ల నీళ్లు మార్చండి. చేపకు తెల్లమచ్చలొస్తే రాగి మందు మాత్రం ట్యాంకులో పోయొద్దు. రొయ్యలూ నత్తలూ పగడాలూ చస్తాయి, రాళ్లు రాగిని పీల్చుకుంటాయి. వైద్యమంతా వేరే తొట్టిలోనే.