ఓక్ చెట్టును తెలిపే చైనా అక్షరం: గుర్తుపట్టడం, పలకడం

చైనా భాషలో ఓక్ జాతి చెట్లను తెలిపే అక్షరాలు కొన్ని ఉన్నాయి. వాటిలో చెట్టు పేరుగానూ, పట్టు పేరుగానూ, ఊరి పేరుగానూ వాడుకలో ఉండి, చోటును బట్టి ఉచ్చారణ మార్చుకునే ఒక అక్షరాన్ని (柞) ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా దాని రూపం. ఒక అడ్డగీత, దానిని కోస్తూ ఒక నిలువుగీత, ఎడమకు జారే ఒక గీత, కుడివైపు ఒక చుక్క: ఈ నాలుగూ కలిసి ఎడమ సగమైన ‘చెట్టు’ అవుతాయి. చెట్టు ఒంటరిగా నిలిచినప్పుడు ఆ చుక్క ఉన్నచోట పొడవైన గీతే ఉంటుంది. పక్కన మరొక భాగానికి చోటివ్వవలసి రావడంతో అది చుక్కగా కుదించుకుంది. కుడి సగంలో పైన ఎడమకు జారే పొట్టి గీత, కుడికి సాగే అడ్డగీత, దాని నుంచి దిగే నిలువుగీత, ఆ నిలువుగీతకు కుడివైపున దువ్వెన పళ్ళలాగా రెండు పొట్టి అడ్డగీతలు ఉంటాయి. మొత్తం గీతలు 9. చైనాలో వాడే సరళ లిపిలోనూ, తైవాన్‌లో వాడే సంప్రదాయ లిపిలోనూ ఈ అక్షరానికి ఒకే రూపం. ఎడమవైపు చెట్టుకు బదులు సూర్యుడు కనిపిస్తే మాత్రం అది ‘నిన్న’ అనే వేరే అక్షరం.

కుడి సగం అర్థాన్ని కాక ధ్వనిని సూచిస్తుంది. ఇదే భాగం ‘చేయు’, ‘నిన్న’ అనే అక్షరాలలో ఒక విధంగానూ, ‘పేలు’, ‘మోసగించు’ అనే అక్షరాలలో మరొక విధంగానూ పలుకుతుంది కనుక, మన అక్షరానికి ఆ రెండు విధాలూ అబ్బడంలో ఆశ్చర్యం లేదు.

చెట్టు అనే అర్థంలో దీని ఉచ్చారణ ‘ౘ్వో’. రోమన్ లిపిలో దీనిని జెడ్‌తో మొదలుపెట్టి రాస్తారు కాబట్టి మనవాళ్ళు ‘జువో’ అని చదివేస్తారు, అది తప్పు. ‘చోటు’, ‘చుక్క’, ‘చలి’ అనే మాటలలో పెద్దలు పళ్ళకు నాలుక ఆనించి పలికే దంత్య చకారమే ఇక్కడ కావలసినది. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారు ఎంతో కష్టపడి సాధించే ఈ ధ్వని మనకు పుట్టుకతోనే నోట ఉంది, దానిని వాడుకోవాలి. స్వరం, అంటే పలికేటప్పుడు గొంతు ఎత్తు, పైనుంచి కిందికి తెగి పడాలి. ఇది చైనా భాషలోని నాలుగో స్వరం.

అభ్యాసానికి ‘ౘ్వోౘాన్’ అనే మాట తీసుకోండి. దీని అర్థం ఓక్ ఆకులు తినే పట్టుపురుగు. నోటి ముందు అరచేయి ఉంచి పలికితే మొదటి అక్షరానికి గాలి తగలకూడదు, రెండవ దానికి ఒత్తు ఉన్నట్టుగా గట్టిగా తగలాలి, పైగా రెండవ అక్షరం స్వరం కింది నుంచి పైకి లేవాలి. ఈ పురుగును ఈశాన్య చైనాలోని లియావోనింగ్ రాష్ట్రంలో విస్తారంగా పెంచుతారు. తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల రైతులు మద్ది చెట్ల మీద పెంచే దసలి పట్టుపురుగు కూడా ఇదే ఆంథీరియా ప్రజాతికి చెందినది. అక్కడ ఓక్ ఆకు, ఇక్కడ మద్ది ఆకు. ఈ పోలికతో అక్షరాన్ని గుర్తుంచుకుంటే ఇక మరచిపోరు.

రెండవ ఉచ్చారణ ఊరి పేరుకు సంబంధించినది. షాన్‌షీ రాష్ట్రంలో, ఛిన్‌లింగ్ పర్వతాలలో, షీఆన్ నగరానికి దక్షిణంగా ఉన్న ఒక కౌంటీ పేరులో ఇది ‘ట్షా’ అవుతుంది: ‘ట్షాష్వెయ్’. నాలుకను ‘ట’ పలికే చోటికి మడిచి, ‘ష’ను అదే ఊపిరిలో కలిపి, ఒత్తు లేకుండా, స్వరాన్ని కిందికి దింపుతూ పలకాలి. షీఆన్ నుంచి ఈ కౌంటీకి పోయే రహదారి పేరులో ఊరికి గుర్తుగా ఈ ఒక్క అక్షరాన్నే వాడతారు. అక్కడ ‘ౘ్వో’ అని చదివితే వినేవారికి ఊరు తట్టదు. ఆ దారిలోనే 2007లో తెరిచిన 18 కిలోమీటర్ల పైచిలుకు జోంగ్‌నాన్‌షాన్ సొరంగం ఉంది.

మూడవది ప్రాచీన కవిత్వం చదివేవారికే అవసరం. చైనీయుల అతి పురాతన కవితా సంకలనమైన ‘షీజింగ్’లో పొలం సిద్ధం చేయడాన్ని వర్ణించే ఒక పాటలో ఇది ‘చెట్లు నరికి చదును చేయు’ అనే క్రియగా వస్తుంది. అప్పుడు దంత్య చకారం తరువాత, నాలుకను ‘ఓ’ స్థానంలోనే ఉంచి పెదవులు చుట్టకుండా, స్వరాన్ని పైకి లేపుతూ పలుకుతారు. అదే సంకలనంలో మరొక చోట ఒత్తైన ఆకులున్న చెట్టుగానూ కనిపిస్తుంది. అక్కడ మొదటి ఉచ్చారణే. జపనీయులు ఈ అక్షరాన్ని చైనా పద్ధతిలో ‘సాకు’ అనీ, తమ మాటలో ‘హహసో’ అనీ చదువుతారు.

అనువాదకులకు ఒక హెచ్చరిక. ఈశాన్య చైనాలో ఈ పేరు మంగోలియా ఓక్‌కు చెల్లుతుంది, కానీ దీనికి ‘కొయ్య’ అనే అక్షరాన్ని చేర్చిన పేరు వృక్షశాస్త్ర గ్రంథాలలో ఓక్‌తో సంబంధమే లేని జైలోస్మా అనే ముళ్ళ చెట్టును సూచిస్తుంది. కాబట్టి వాక్యంలో ప్రాంతం, పురుగు, పట్టు వంటి ఆధారాలు చూసుకున్నాకే ‘ఓక్’ అని రాయాలి.

ఫోనులో ఈ అక్షరాన్ని టైపు చేయాలంటే ‘ౘ్వో’ ఒక్కటే కొట్టకండి. ‘చేయు’, ‘కూర్చొను’ వంటి నిత్యవ్యవహారంలోని అక్షరాలు ముందు వరుసలో నిలిచి ఇది వెనుకబడుతుంది. పట్టుపురుగు పేరు మొత్తం కొట్టి, రెండవ అక్షరాన్ని చెరిపివేయడమే సులువు.