క్యాన్సర్ మందుల పేపర్లు చదవడం – 5వ పాఠం: ఆ 46 శాతం గొడవ

ఈ వారం బతికున్నవాళ్ళ గీతలు, అదే మెట్లు మెట్లుగా దిగే గ్రాఫులు, మొదలుపెడదాం అనుకున్నా. కుదిరేట్టు లేదు. పోయిన పాఠంలో హెరా ట్రయల్ (రొమ్ము క్యాన్సర్‌కి ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ పనిచేస్తుందా అని చూసిన పరీక్ష) గురించి రాస్తూ "రిస్క్ 46 శాతం తగ్గింది" అని ఒక్క ముక్క అనేసి ముందుకెళ్ళిపోయా, అదే కొంప ముంచింది. మంగళగిరి నుంచి ఒకబ్బాయి మెసేజ్ పెట్టాడు, వాళ్ళ పిన్నికి హెర్2 పాజిటివ్ (క్యాన్సర్ కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకం) అని రిపోర్ట్ వచ్చిందట, ఇతను నా పాఠం చదివి "ఈ ఇంజెక్షన్‌తో వందలో 46 మందికి నయమైపోద్ది పిన్నీ" అని చెప్పేశాడట, ఆవిడేమో "మరి మిగతా 54 మంది సంగతేంట్రా" అని అడిగి రాత్రంతా పడుకోలేదట. తప్పు అబ్బాయిది కాదు, నాదే.

హెర్2 గురించి ఇంకా వివరంగా, ట్రయల్‌లో రెండు గ్రూపులు ఎందుకు, ఇవి మళ్ళీ చెప్పను, 2వ పాఠం తిరగేయండి.

శాతం అని కనపడగానే అడగాల్సింది ఒకటే, దేంట్లో శాతం? బీసెంట్ రోడ్డులో ఆషాఢం సేల్ బోర్డు గుర్తుతెచ్చుకోండి, సగానికి సగం తగ్గింపు అని ఉంటది. వంద రూపాయల జాకెట్ ముక్క మీద సగం అంటే యాభై, ఆరు వేల పట్టుచీర మీద సగం అంటే మూడు వేలు. బోర్డు మాత్రం ఒకటే. పేపర్‌లో పైన కనపడే 46 కూడా ఆ బోర్డే, అసలు రేటు లోపల టేబుల్‌లో ఉంటది. అందుకే నేను పైన ఉండే సారాంశం చదవనే చదవను, పెన్సిల్ పట్టుకుని నేరుగా టేబుల్‌కి పోతా (నా అలవాటు మంచిదని అనట్లేదు).

హెరా రిజల్ట్ వచ్చింది 2005లో. ఆపరేషన్, కీమో అయిపోయిన హెర్2 పాజిటివ్ ఆడవాళ్ళలో 1694 మందికి ట్రాస్టుజుమాబ్ మూడు వారాలకోసారి ఏడాది పాటు, 1693 మందికి ఈ మందు ఇవ్వకుండా ఊరికే గమనించడం. రెండేళ్ళ దగ్గర ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నది మందు లేనివాళ్ళలో వందకి 77.4, ఉన్నవాళ్ళలో 85.8. తేడా 8.4, అంతే.

ఇప్పుడు గళ్ళ నోట్‌బుక్ తీసి పదికి పది, వంద గళ్ళు గీయండి. 77 గళ్ళు వదిలేయండి, వీళ్ళు ఆ రెండేళ్ళు మందు లేకపోయినా బాగానే ఉన్నారు. 14 గళ్ళు నల్లగా నింపండి, వీళ్ళకి మందు ఇచ్చినా జబ్బు తిరగబెట్టింది, లేదా ఇంకో క్యాన్సర్ వచ్చింది, లేదా చనిపోయారు. మధ్యలో 8, 9 గళ్ళు మిగిలాయి చూశారా, మందు చేసిన పని అదీ. సుమారు 12 మందికి ఇస్తే ఒకరికి తప్పింది. పిన్ని అడిగిన 54 మంది ఈ కాగితం మీద ఎక్కడా లేరు! వందలో ఆవిడ ఏ గడో మాత్రం పేపర్ చెప్పదు, అది డాక్టర్ దగ్గర కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

తెనాలి నుంచి ఒకావిడ ఇంకో మెలిక పెట్టారు: "మందు లేనివాళ్ళలో ఇబ్బంది వచ్చింది 22.6, అందులో 8.4 తగ్గితే 37 శాతమే కదా మేడమ్, 46 ఎక్కడిది?" శభాష్. 46 అనేది హజార్డ్ రేషియో 0.54 నుంచి వచ్చింది, 1లోంచి 0.54 తీస్తే 0.46, అంటే 46 శాతం. అది రెండేళ్ళ చివర తీసిన లెక్క కాదు, దారి పొడవునా రెండు గ్రూపుల్లో జబ్బు తిరగబెట్టడం లాంటివి ఎంత వేగంగా జరుగుతున్నాయో పోల్చిన అంకె. గుంటూరు బస్సులు రెండిటి స్పీడు పోల్చడం వేరు, గంటకి ఏది ఎక్కడుందో చూడడం వేరు. పైగా అప్పటికి గమనించిన కాలం మధ్యస్థంగా (అందర్నీ వరసలో పెడితే సరిగ్గా నడుమ ఉన్నావిడకి) ఒక్క ఏడాదే.

ప్రాక్టీస్ మర్చిపోయేదాన్ని. 2001లో ఇదే మందు మీద స్లామన్ అనే డాక్టర్ బృందం రాసిన పేపర్: జబ్బు వేరే చోట్లకి పాకిన 469 మంది, ఏడాదిలో చనిపోయింది కీమో మాత్రమే తీసుకున్నవాళ్ళలో వందకి 33, ట్రాస్టుజుమాబ్ కూడా కలిపితే 22. అదే పేపర్‌లో ఆంత్రాసైక్లిన్, సైక్లోఫాస్ఫమైడ్ కీమోతో గుండె పనితీరు దెబ్బతిన్నవాళ్ళు వందకి 8, దానికి ఈ మందు కలిపితే 27. రెండిటికీ విడివిడిగా గళ్ళు గీయండి, కాలిక్యులేటర్ వద్దు. తర్వాత మీ అమ్మకి చెప్తున్నట్టు రెండే వాక్యాలు, "శాతం" అనే మాట రాకుండా. హెరాలో కీమో అయ్యాకే ఈ మందు ఎందుకిచ్చారో మూడో వాక్యంలో రాస్తే ఇంకా సంతోషం.

మంగళగిరి బాబూ, నువ్వు హోంవర్క్ తర్వాత చెయ్యి, ముందు ఆ గళ్ళ కాగితం పట్టుకెళ్ళి పిన్నికి చూపించు.