డి డ్రైవ్ చేయబోతే 48 అంకెల కీ అడుగుతోందా?

కొత్త ల్యాప్‌టాప్ బిల్లులో 512 జీబీ అని ఉంటుంది. ఆన్ చేసి చూస్తే ఒక్క సి డ్రైవే, అదీ 475 జీబీ దగ్గర. ఎవరూ మోసం చేయలేదు. కంపెనీ 1000తో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే తేడా. మనవాళ్లకు డి డ్రైవ్ లేకపోతే మనసొప్పదు కాబట్టి వెంటనే డిస్క్ మేనేజ్‌మెంట్ (డిస్క్‌ని భాగాలు, అంటే పార్టిషన్లు చేసే విండోస్ టూల్) తెరుస్తారు. ఇదంతా విండోస్ 11 గురించే. అందులో సి డ్రైవ్‌ని తగ్గించే ష్రింక్ వాల్యూమ్ ఎక్కడుందో మీకు తెలుసనే రాస్తున్నాను. ఛార్జర్ పెట్టి ఉంచడం, ఫైళ్లు బయట కాపీ చేసుకోవడం కూడా వేరే చెప్పక్కర్లేదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్ గడిలోకి చూడండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ పక్కన "బిట్‌లాకర్ ఎన్‌క్రిప్టెడ్" అని ఉందా? ఉంటే డ్రైవ్‌లోని డేటాకి తాళం పడి ఉందని అర్థం, ఆ తాళం పేరే బిట్‌లాకర్. పని చేస్తున్న కిటికీలోనే, కళ్ల ముందే ఉంటుంది. అయినా ఎవరూ చదవరు.

సమస్య: 400 జీబీ ఖాళీ ఉన్నా ష్రింక్ కొంచెమే ఇస్తోంది

ష్రింక్ డ్రైవ్ చివరి నుంచి వెనక్కి వస్తుంది. దారిలో కదల్చలేని ఫైలు తగిలితే అక్కడే ఆగిపోతుంది. అలా అడ్డుపడేవి ఎక్కువగా మూడు: హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, రిస్టోర్ పాయింట్లు. అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో "పవర్‌సీఎఫ్‌జీ", ఖాళీ, "స్లాష్ హెచ్", ఖాళీ, "ఆఫ్" అని కొట్టండి. సిస్టమ్ ప్రొటెక్షన్ (రిస్టోర్ పాయింట్లు దీనివే), వర్చువల్ మెమరీ (పేజ్ ఫైలు దీనిదే) కూడా ఆపి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ష్రింక్‌కి వెళ్లండి. పనయ్యాక మూడింటినీ తిరిగి ఆన్ చేయాలి. ఇంకా మొరాయిస్తే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి 259 నంబరు ఎంట్రీ వెతకండి. అడ్డుపడిన ఫైలు పేరు అందులోనే ఉంటుంది.

అంకె ఎంబీల్లో ఇవ్వాలి. 200 జీబీ కావాలంటే 204800. ఉత్త 200 కొట్టి, 200 ఎంబీ డి డ్రైవ్ చేసుకుని, ఇదేంటని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఓపిక నశించేది ఇక్కడే. పాత పెన్‌డ్రైవ్‌లో ఏదో పార్టిషన్ టూల్ ఉంటుంది. అది బూట్ కావడానికి బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే రక్షణ) ఆపేస్తారు. అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

సమస్య: నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది

చాలామంది డిస్క్ పాడైందనుకుంటారు. పాడవలేదు. ఈ రోజుల్లో చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి సెటప్ చేయగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అవుతుంది. హోమ్ ఎడిషన్ కదా, బిట్‌లాకర్ ఉండదులే అనుకోవద్దు. పేరు వేరైనా లోపల పనిచేసేది అదే. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్‌ని తగ్గించినంత మాత్రాన అది ఏమీ అడగదు. సెక్యూర్ బూట్ ఆపినా, మదర్‌బోర్డు మార్చినా ఆ తాళం కీని కాపాడే టీపీఎం చిప్ అనుమానపడి తాళం తీయనంటుంది. బిట్‌లాకర్ తెలియని పాత టూల్‌కి సి డ్రైవ్ అర్థంకాని ముద్దలా కనిపిస్తుంది. ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది. అక్కడ ఓకే కొడితే ఇక కథ లేదు.

ముందు సెక్యూర్ బూట్‌ని తిరిగి ఆన్ చేసి చూడండి. చాలాసార్లు అంతటితో మామూలుగా తెరుచుకుంటుంది. లేదంటే ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైట్‌లోకి వెళ్లి, డివైసెస్‌లో రికవరీ కీలు చూడండి. నీలం స్క్రీన్ మీద ఉన్న కీ ఐడీ, అకౌంట్‌లో ఉన్న కీ ఐడీ ఒకటేనో కాదో సరిచూసి 48 అంకెలు కొట్టండి.

అకౌంట్‌లో కీ లేదా? అయితే ఈ ల్యాప్‌టాప్‌ని మొదట సెటప్ చేసింది ఎవరో గుర్తు తెచ్చుకోండి. షాపులో కుర్రాడు "సెటప్ చేసి ఇచ్చేస్తాం సార్" అని తన మెయిల్ ఐడీ కొట్టి ముందుకు నడిపేస్తాడు. ఇంటికొచ్చాక మీరు మీ పేరుతో ఇంకో యూజర్‌ని చేసుకుంటారు. కీ మాత్రం మొదటి అకౌంట్‌లోనే ఉండిపోతుంది. అమ్మాయికి కొన్న ల్యాప్‌టాప్‌ని బావగారబ్బాయి మెయిల్‌తో మొదలుపెట్టడం, ఆఫీసు మెయిల్‌తో మొదలుపెట్టడం కూడా ఈ కోవలోవే. ఆఫీసుదైతే ఐటీ వాళ్లను అడగాలి. షాపుదైతే బిల్లు పట్టుకుని వెళ్లి, ఆ అకౌంట్ తెరిపించి కీ తీసుకోవాలి. పోయిన కీని మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా తీసివ్వలేరు. "డేటా మొత్తం రికవర్ చేస్తాం" అనే బోర్డు చూసి అడ్వాన్సు కట్టొద్దు. ఏ దారీ లేకపోతే మిగిలింది రీసెట్, అంటే డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది.

ల్యాప్‌టాప్ ఇంకా తెరుచుకుంటున్నవాళ్లు ఇవాళే ఈ పని చేయండి. మీ సొంత మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి అడ్మిన్ హక్కులిచ్చి అందులోంచి లాగిన్ అవ్వండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయండి. డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి, మధ్యలో మూత వేయకండి. పార్టిషన్ పని ఈ దశలోనే ముగించండి. షాపువాళ్ల అకౌంట్‌ని తీసేసి, ఎన్‌క్రిప్షన్ మళ్లీ ఆన్ చేయండి. ఈసారి కొత్త కీ మీ అకౌంట్‌లోకి వస్తుంది. వచ్చిందో లేదో ఫోన్‌లో చూసి, కాగితం మీద రాసి బిల్లుతో పాటు దాచండి. డి డ్రైవ్‌లో నోట్‌ప్యాడ్ ఫైలుగా దాచేవాళ్లకు నేను చెప్పగలిగేది ఏమీ లేదు.

సమస్య: ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులో ఉంది

ఖాళీ జాగా సి డ్రైవ్‌కి సరిగ్గా కుడిపక్కనే ఉండాలి. మధ్యలో డి ఉంటే, అందులోవి బయటికి కాపీ చేసి దాన్ని డిలీట్ చేయాలి. మధ్యలో రికవరీ పార్టిషన్ ఉంటే సి సంగతి వదిలేసి, ఆ ఖాళీని వేరే డ్రైవ్‌గా వాడుకోండి. అవసరం లేదని రికవరీని, ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్‌ని ఏ టూల్‌తోనూ చెరిపేయవద్దు. ఈఎఫ్ఐ పోతే విండోస్ బూట్ కాదు.

ఇక అరుదుగా వచ్చేవి. విండోస్ ఇన్‌స్టాల్ చేస్తుంటే డిస్కే కనిపించకపోవడం చాలావరకు ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ గొడవ. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ తెచ్చి లోడ్ చేస్తే సరిపోతుంది. బేసిక్ డిస్క్‌ని డైనమిక్‌గా మార్చమంటావా అని అడిగితే నో కొట్టండి.