నిప్పుల మీద వంట – నాలుగో పాఠం: కోడి, కూరగాయలు

కిందటి పాఠంలో సరుగుడు కర్రలు పేర్చి, ఎండు తాటాకుతో అంటించి, గాలికి మంట నిలబెట్టడం నేర్చుకున్నాం. ఈసారి వంట. అయితే మంట మీద కాదు, మంట తగ్గాక మిగిలే నిప్పుల మీద. మంట ఎగసిపడుతున్నంతసేపూ కోడి పెట్టెలోనే ఉండాలి. మంటకి తోలు మాడుతుంది, మసాలా చేదెక్కుతుంది, ఎముక దగ్గర మాంసం మాత్రం పచ్చిగానే ఉంటుంది. లోపలి దాకా ఉడికించేది సెగ. ఆ సెగని చేత్తో కొలవడం, నిప్పులు అటూ ఇటూ జరిపి పెంచడం, తగ్గించడం వస్తే చాలు, మిగతాదంతా ఇంట్లో చేసే వంటే.

కార్తీకంలో వనభోజనాలకు వెళ్లేవాళ్లలో చాలామంది నీచు ముట్టరు కాబట్టి ఈ పాఠాన్ని కనుమ ముందుకి ఉంచాను. కనుమ నాడు వంశధార ఒడ్డుకో, నాగావళి ఇసుక తిన్నెల మీదకో వెళ్లేవాళ్లు పొద్దున్నే పొయ్యి వేసుకుంటే మంచిది. మధ్యాహ్నానికి సముద్రం గాలి తిరిగితే నిప్పులు ఒక పక్క కణకణలాడతాయి, ఇంకో పక్క చల్లారతాయి. సరుగుడు తోట నీడ ఎంత బాగున్నా అందులో పొయ్యి వద్దు. కింద పరుచుకున్న ఎండాకు ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. కళింగపట్నం, బారువ లాంటి చోట్ల సముద్రం ఒడ్డున రాత్రిపూట మంటలు అసలే వద్దు. జనవరి నుంచి ఎండాకాలం మొదలయ్యే దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్డులోంచి బయటపడ్డ పిల్లలు వెలుతురుని బట్టి సముద్రం ఎటో తెలుసుకుంటాయి. మన మంట కనిపిస్తే ఇటే వచ్చేస్తాయి. మన ఒడ్డుకి అంత దూరం నుంచి వచ్చే ప్రాణి అది, మన సరదా దానికి చావు కాకూడదు.

పొయ్యికి ఏటి రాళ్లు వాడకండి. నున్నగా, అందంగా ఉంటాయి కానీ నీళ్లలో నానిన రాయి లోపల తేమ ఉంటుంది. వేడెక్కితే అది ఆవిరై రాయి పేలుతుంది. నాలుగు ఇటుకలు బండిలో వేసుకెళ్లండి. కర్రలు కూడా అడితిలో కొన్నవే మేలు. పలాస, ఉద్దానం వైపు జీడిపిక్కల తొక్కలు గుట్టలుగా కనిపిస్తాయి, బాగా మండుతాయి కూడా. కానీ ఆ తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, పొగ కళ్లనీ గొంతునీ పట్టేస్తుంది. తిండి కింద అవి వద్దు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ కూడా అంతే. గన్నేరు పుల్ల విషం, ముక్కలు గుచ్చడానికి అయినా తాకకండి. కొబ్బరి చిప్పలు మాత్రం ఎన్ని దొరికితే అన్ని తెచ్చుకోండి, వాటి నిప్పు గట్టిది. జాలీ ఇనుపదో స్టీలుదో కావాలి. కోళ్ల గూటికి కట్టే జింకు పూత జాలీ వేడికి పనికిరాదు.

ఇక కోడి. నలుగురికి కిలో లెగ్ పీసులు, తొడతో కలిపి, కొట్టించకుండా, స్కిన్‌తో ఇమ్మనండి. స్కిన్‌లెస్ ముక్క నిప్పుల మీద ఎండిపోతుంది. నాటుకోడి ఈ పాఠానికి కాదు. దాని మాంసం గట్టిది, నీళ్లలో చాలాసేపు ఉడికితేనే మెత్తబడుతుంది. ముక్కకి రెండేసి గాట్లు ఎముక తగిలేదాకా పెట్టి, ముందు రోజు రాత్రే రెండు చెంచాల ఉప్పు, అర చెంచా పసుపు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా ఉంటే ఉప్పు లోపలికి దిగుతుంది. పొద్దున అల్లంవెల్లుల్లి ముద్ద రెండు పెద్ద చెంచాలు, కారం రెండు చెంచాలు, ధనియాల పొడి ఒక చెంచా, మిరియాల పొడి అర చెంచా, కొంచెం నూనె పట్టిస్తే చాలు. బెల్లం, పంచదార ఏమాత్రం వేసినా ముందు అదే మాడుతుంది. నిమ్మకాయ కోడి దిగాక పిండుకుందాం.

తీసుకెళ్లడానికి చేపలవాళ్లు వాడే థర్మోకోల్ పెట్టె, నిండా ఐసు. పచ్చి కోడి మంచు మీద లేకుండా రెండు గంటలు దాటకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే. గిన్నె మూత గట్టిగా పెట్టి అడుగున ఉంచండి. దాని నీళ్లు కూరగాయల మీద కారకూడదు. కత్తులు కూడా రెండు.

కర్రలు అంటించాక ముప్పావు గంట, గంటకి మంట తగ్గి నిప్పుల మీద తెల్లగా నివురు కడుతుంది. అప్పుడు నిప్పుల్లో ఎక్కువ భాగం ఒక పక్కకి లాగండి, రెండో పక్క పలచగా పరవండి. పొయ్యి వెనక చిన్న మంట ఒకటి వేరుగా నడవనివ్వండి, తర్వాత కావలసిన నిప్పులు అందులోంచే వస్తాయి. ఇప్పుడు జాలీకి బెత్తెడు ఎత్తున అరచెయ్యి పెట్టి నెమ్మదిగా లెక్కపెట్టండి. రెండు మూడు అంకెలకే చెయ్యి లాక్కోవాల్సి వస్తే అది ఎక్కువ సెగ. ఐదారు దాకా ఓర్చుకోగలిగితే మధ్యస్థం, కోడికి కావలసింది ఇదే. పది దాటితే నిప్పులు వెయ్యాలి. ఇంట్లో స్టవ్ మీద నాబ్ చేసే పనిని ఇక్కడ ఈ లెక్క చేస్తుంది.

కోడి పెట్టడానికి ముందే దుంపలు పెట్టాలి. చిలగడదుంపలు తొక్కతోనే నివురులో పూడ్చండి, ముప్పావు గంట పడుతుంది. ఉల్లిపాయలు కూడా తొక్కతీయకుండా పక్కన పెట్టెయ్యండి, అరగంట చాలు. వంకాయ చివర్న.

లెగ్ పీసుల్ని పలచని నిప్పుల పక్క, తోలు పైకి ఉండేలా పెట్టి, పాత గిన్నె ఒకటి బోర్లించండి. ఏడెనిమిది నిమిషాలకోసారి తిప్పుతూ ముప్పై నుంచి నలభై నిమిషాలు. మధ్యలో కొవ్వు కరిగి నిప్పుల మీద చుక్క పడగానే చుయ్యిమని మంట లేస్తుంది. కంగారుపడి నీళ్లు కొట్టకండి, బూడిద లేచి కోడికి అంటుతుంది. పట్టకారుతో ముక్కని పక్కకి జరిపితే మంట దానంతటదే తగ్గుతుంది. ఆఖరి ఐదు నిమిషాలు మాత్రం తోలు కిందికి తిప్పి ఎక్కువ నిప్పుల పక్కకి తీసుకెళ్లండి. తోలు ఉబ్బి, అంచులు గోధుమరంగు తిరిగి, గోటితో తడితే కరకరమంటుంది.

ఉడికిందా లేదా అన్నది రంగు చూసి చెప్పలేం. లేత బ్రాయిలర్‌లో ఎముకలోని మూలుగ బయటికి ఊరి, పూర్తిగా ఉడికిన ముక్క కూడా ఎముక పక్కన ఎర్రగానో నల్లగానో కనిపిస్తుంది. వంట థర్మామీటరు ఉంటే తొడలో మందమైన చోట, ఎముకకి తగలకుండా గుచ్చండి. 74 డిగ్రీలు రావాలి. తొడ మాంసం ఇంకో పది డిగ్రీలు ఎక్కినా ఎండిపోదు, ఇంకా మెత్తబడుతుంది. థర్మామీటరు లేకపోతే కీలు దగ్గర కత్తి దింపి చూడండి. నీరు తేటగా రావాలి, కాలు పట్టుకు తిప్పితే కీలు వదులుగా తిరగాలి. ఏమాత్రం అనుమానం ఉన్నా ఇంకో పది నిమిషాలు ఉంచండి. పిల్లలకి ఆకలేస్తోందని ముందే దించెయ్యొద్దు.

ఆ ఆఖరి ఇరవై నిమిషాల్లోనే వంకాయలు. గుండ్రటి పెద్ద వంకాయల్ని నిలువుగా గాటుపెట్టి, పురుగు లేదని చూసి, నూనె రాసి నేరుగా నిప్పుల పక్కన పెట్టండి. తొక్క నల్లబడి ముడతలు పడుతుంది, గాటులోంచి ఆవిరి సన్నగా కూస్తుంది, ముచ్చిక పట్టుకు ఎత్తితే కాయ వేలాడిపోతుంది. అప్పుడు తీసి, తొక్క వొలిచి, చింతపండు రసంలో మెదపండి. రసం ఇంటి దగ్గరే తీసి సీసాలో తెచ్చుకోండి. పచ్చిమిర్చి, కాల్చిన ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేస్తే వంకాయ పచ్చిపులుసు సిద్ధం. కొవ్వు కారే కోడి పక్కన ఇంతకన్నా మంచి తోడు లేదన్నది నా గట్టి అభిప్రాయం.

కోడి దించి ఐదు నిమిషాలు ఆగి, నిమ్మకాయ పిండి, అడ్డాకుల విస్తళ్లలో వడ్డించండి. పచ్చి కోడి పెట్టిన గిన్నెలోకి మాత్రం వండిన ముక్కలు తియ్యకండి.

బయలుదేరే ముందు నిప్పుల మీద ఇసుక కప్పి వచ్చేస్తుంటారు చాలామంది. ఇసుక కింద నిప్పు గంటల తరబడి ఆరదు. పైకి ఏమీ కనిపించదు, తర్వాత వచ్చిన పిల్లాడు చెప్పుల్లేకుండా దాని మీద అడుగేస్తాడు. నీళ్లు పొయ్యండి, కర్రతో కలపండి, మళ్లీ పొయ్యండి. పొగ, బుసబుస రెండూ ఆగి, చెయ్యి పెడితే చల్లగా తగలాలి.

కనుమ లోపు ఒకసారి పెరట్లో వంకాయలు, చిలగడదుంపలతో మాత్రం సాధన చెయ్యండి, అరచేతి లెక్క అలవాటవుతుంది. ఐదో పాఠంలో నాటుకోడి పులుసు, అన్నం ఒకే పొయ్యి మీద వండుతాం. దానికి మూతున్న మందపాటి దాక ఒకటి, ఇంకో రెండు ఇటుకలు సిద్ధం చేసుకోండి.