ఎన్జీఓకి పీఆర్ (మీడియా, ప్రచారం చూసే) మనిషిని పెట్టుకునే ముందు ఇవి చూస్కోండి

- ముందు డబ్బు లెక్క. ఫారిన్ ఫండ్స్ వస్తుంటే 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద అడ్మిన్ ఖర్చు ఆ ఫండ్స్‌లో 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 ఉండేది, అందుకే పీఆర్ జీతం ఏ పద్దులో పడుతుందో ఆడిటర్‌ని అడిగాకే ఆఫర్ లెటర్ ఇవ్వండి.
- ఏడాదికి ఒకటి రెండు ఈవెంట్లే అయితే ఏజెన్సీ చాలు. రోజూ ఫీల్డ్ నుంచి వార్తలు బయటికి రావాలంటే మాత్రం ఊళ్లు తిరిగే సొంత మనిషే కావాలి, జిల్లా విలేకరులు ముఖపరిచయం ఉన్నవాళ్ల ఫోనే ముందు ఎత్తుతారు.
- పీఆర్ పని వాలంటీర్‌కి ఇస్తున్నారా? అకౌంట్ల పాస్‌వర్డ్‌లు సంస్థ మెయిల్ మీదే ఉంచండి.
- పిల్లల ఫోటోల విషయం అస్సలు వదలొద్దండి. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 23 ఉన్నాయి, బాధిత పిల్లల పేరు, ముఖం, స్కూలు ఏదీ మీడియాలో రాకూడదు, ఇది చేరిన రోజే చెప్పి సంతకం తీస్కోండి.