తోక తగిలించి కొత్త మాట కట్టడం

ఇంగ్లీషు క్లాసులో కొత్త మాటలు కట్టే రోజున నేను బోర్డు మీద ముందుగా రాసేది 'హ్యాంబర్గర్'. ఎక్కడ విరుస్తారని అడిగితే అందరూ హ్యామ్ దగ్గరే విరుస్తారు. ఆ మాట జర్మనీలోని హాంబర్గ్ ఊరి పేరు మీదుగా వచ్చింది, అసలు అతుకు చివరి 'అర్' దగ్గరుంది. జనం వేరే చోట విరిచారు కాబట్టే 'బర్గర్' చేతికొచ్చి చీజ్‌బర్గర్ పుట్టింది. మీరూ అందరికీ తెలిసిన పొడుగు మాటను తీసుకుని, వ్యాకరణం గీత గీసిన చోట కాక, చెవికి తెగినట్టనిపించిన చోట కోయండి.

ఎంత ముక్క కోయాలన్నదే అసలు పని. ఆల్కహాలిక్‌లో ప్రత్యయం 'ఇక్' ఒక్కటే. దాన్ని పట్టుకెళ్లి 'వర్కిక్' అంటే ఎవరికీ ఏమీ అందదు. వ్యసనమన్న అర్థం కూడా వెంట రావాలంటే 'అహాలిక్' దాకా కోయాలి. అప్పుడు వర్కహాలిక్, షాపహాలిక్ వస్తాయి. చాక్లెట్‌లాంటి మాటైతే దాని తోక కూడా కత్తిరించాలి: చాకహాలిక్. మధ్యలో ఉన్న ఆ చిన్న అచ్చును మాత్రం మింగేయకండి. 'వర్క్‌హాలిక్' అని పైకి అని చూడండి, నాలుక తడబడుతుంది. మారథాన్ తోకతో కట్టిన వాకథాన్, హ్యాకథాన్‌లలోనూ లయ నిలబెట్టేది ఆ అచ్చే.

తోకకో పుట్టుక ఉంటుంది, అది మరిచిపోకూడదు. కుంభకోణమని చెప్పడానికి తగిలించే 'గేట్' 1972లో వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనాల్లో జరిగిన చొరబాటు నుంచి వచ్చింది. ఆ వ్యవహారం 1974లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామాతో గానీ ఆగలేదు. చిన్న రభసకు 'గేట్' తగిలిస్తే సరదాగా ఉంటుంది. జనం నిజంగా నష్టపోయిన చోట తగిలిస్తే వాళ్ల బాధ చులకనైపోతుంది. అక్కడ నేను ఒప్పుకోను.

'ఇష్' తేలిక. సెవెనిష్ అంటే ఏడు ప్రాంతంలో. విడిగా 'ఇష్' అని జవాబు చెప్పినా చెల్లుతుంది.

కట్టిన మాటను వివరించకుండా వాక్యంలో పెట్టి వదలండి. ఒకమ్మాయి ఆదివారమంతా పడుకోవడాన్ని 'స్లీపథాన్' అంది. క్లాసంతా ఒక్కసారే నవ్వింది, మారథాన్‌లోని ఓర్పు అందులో వినిపించింది. అదే నిద్రకు 'స్లీప్‌జిల్లా' అని కూడా అంటే అందరూ మొహాలు చూసుకున్నారు. 1954లో జపాన్ తెరమీదికి వచ్చిన గాడ్జిల్లా ఊళ్లు కూల్చేది గానీ పడుకునేది కాదుగా. మర్నాడు ఆ అమ్మాయి అదే మాటను, నిద్ర లేపితే ఇల్లు పీకి పందిరేసే తన తమ్ముడికి పెట్టుకొచ్చింది. అప్పుడు అతికింది.