అనాథ వన్యప్రాణి పిల్లల పెంపకం: స్వచ్ఛంద సేవకులకు సూచనలు

తల్లిని కోల్పోయిన అడవి పిల్లలను సాకదలచినవారు ముందుగా అనుమతి గల పునరావాస కేంద్రంలో చేరి, క్షీరదాలతో పనిచేసేటట్లయితే రేబీస్ ముందస్తు టీకాలు వేయించుకోవాలి. ఒంటరిగా కనిపించిన ప్రతి పిల్లా అనాథ కాదు. జింకలు, కుందేళ్లు పిల్లలను గడ్డిలో దాచి గంటల తరబడి దూరంగా ఉండటం సహజమే.

చల్లబడిన పిల్లకు పాలు పట్టకూడదు, ఎందుకంటే ఒళ్లు వెచ్చబడేవరకు దాని పేగులు సరిగా పనిచేయవు. ఆవుపాలు కాక, ఆ జాతికి పశువైద్యులు సూచించిన పాలపొడినే వాడాలి. ఉడుత పిల్లను వెల్లకిలా పడుకోబెట్టకుండా, నిటారుగా పట్టుకుని సిరంజితో చుక్కచుక్కగా తాగించాలి; ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపి తల కిందికి వంచాలి. తాగాక, తల్లి నాకినట్లుగా, తడి దూదితో తోక కింద సున్నితంగా రుద్దితేనే అది మూత్రం పోస్తుంది.

వీటన్నిటికంటే కష్టమైనది ముద్దు చేయకుండా ఉండటం. పుట్టిన వెంటనే చూసినవారినే బాతుల వంటి కొన్ని పక్షుల పిల్లలు తల్లిగా భావిస్తాయని ఆస్ట్రియాకు చెందిన జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1935లో వివరించారు. అందుకే సొంత జాతి పిల్లలతోనే కలిపి పెంచి, మాటలు తగ్గించాలి. అడవిలోకి వదిలేముందు, వదలబోయే చోటే మూసి ఉన్న ఆవరణలో కొన్నాళ్లు ఉంచి, తలుపు తెరిచాక కూడా ఆహారం పెడుతూ క్రమంగా తగ్గించాలి.